తండా, పెంట, వాడ మాటలు ఫోన్లో రాయాలంటే: కీబోర్డు, స్పెల్లింగు, రికార్డింగు

తండాబడి_దేవరకొండ

అందరికీ నమస్కారం. దేవరకొండ, చందంపేట, డిండి దిక్కు తండాల పిల్లల కోసం లంబాడీల భాష అయిన గోర్‌బోలిలో పదాల పట్టీలు, చిన్న పాఠాలు తయారుచేయాలి. లిపి తెలుగే. ఇళ్లల్లో ఉన్నవి పది పన్నెండు వేల రూపాయల లోపు ఆండ్రాయిడ్ ఫోన్లు, కొన్ని ఐదారేళ్ల కిందటివి. ఎదురవుతున్న ఇబ్బందులు ఇవి:

తెలుగు కీబోర్డులో గోర్‌బోలి మాట కొట్టి స్పేస్ నొక్కంగనే ఫోను దాన్ని దగ్గరి తెలుగు మాటగా దిద్దేస్తున్నది. ఖ, ఘ, ఛ, ఝ కోసం ప్రతిసారీ అక్షరాన్ని నొక్కిపట్టుకోవాలె, అందుకే పిల్లలు 'ఘర్' అనే మాటను 'గర్' అని రాస్తున్నరు. భాష పేరునే ఒకరు గోర్బోలి, ఒకరు గోర్‌బోలి, ఒకరు గోరుబోలి అని రాయడంతో వెతికితే సగం దొరకడం లేదు. ఇక ముసలివాళ్లకు చదువు రాదు, వాళ్లు వినాలె, వాళ్ల మాట మనం దాచాలె.

నల్లమల చెంచు పెంటలకు (అడవిలోని చిన్న ఊళ్లకు), ఎరుకల కుటుంబాలకు కూడా ఇదే పద్ధతి సరిపోతుందా, వేరేగా చేయాలా?

పాలమూరు_కోడు

సార్, ముందు ఇవాళే అయ్యే పని. గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డు సెట్టింగ్స్‌లో టెక్స్ట్ కరెక్షన్ తెరిచి ఆటో కరెక్షన్ ఆపేయండి. సూచనలు మాత్రం ఉండనివ్వండి. తర్వాత డిక్షనరీ → పర్సనల్ డిక్షనరీ → తెలుగు లోపలికి వెళ్లి, తరచూ వాడే మాటలు ఓ యాభై చేర్చండి. ఇది చిట్కా మాత్రమే. ఏ ఫోనుకు ఆ ఫోన్లో చేయాల్సి వస్తుంది, పైగా నొక్కిపట్టే బాధ అట్లనే ఉంటుంది.

అసలు పరిష్కారం సొంత కీబోర్డు. దానికి కొత్త యాప్ రాయనక్కర లేదు. కీబోర్డులు తయారుచేసుకునే కీమ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని మూల కోడు కూడా బహిరంగమే. విండోస్ కంప్యూటర్‌లో కీమ్యాన్ డెవలపర్ పెట్టుకుని కీబోర్డు తయారుచేస్తే ఆండ్రాయిడ్, ఐఫోన్, కంప్యూటర్ మూడింటికీ ఒకటే ఫైలు పనిచేస్తుంది.

కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు కీబోర్డు ఐడీ అడుగుతుంది. అందులో ఇంగ్లీషు చిన్నక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ పెట్టొద్దు. టార్గెట్స్ అనే చోట 'ఎనీ' పెట్టాలి. అక్కడ ఏమీ పెట్టకుంటే విండోస్‌కే తయారవుతుంది. ప్యాకేజీ ఫోన్లోకి ఎక్కుతుంది గానీ కీబోర్డు కనబడదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ప్యాకేజీలో జావాస్క్రిప్ట్ ఫైలు చేరిందో లేదో కూడా చూడండి, ఫోను చదివేది దాన్నే.

టచ్ లేఅవుట్‌లో ఫోను లేఅవుట్ వేరేగా గీయండి. వరుసకు పది కీలు దాటొద్దు. పన్నెండు పెడితే చిన్న తెరమీద పక్క అక్షరం పడుతుంది. గోర్‌బోలికి అక్కరలేని ఋ, ఙ, ఞ, వేరే భాషల నుంచి తెచ్చుకున్న మాటలకే వచ్చే శ, ష నొక్కిపట్టే చోటికి పంపండి. అట్ల ఖాళీ అయిన జాగాలో ఖ, ఘ, ఛ, ఝ, ఠ, థ, ధ, ఫ, భ నేరుగా పైకి రావాలి. మామూలు తెలుగు కీబోర్డు తెలుగు లెక్కతో ఈ వత్తులను, అంటే ఊపిరితో పలికే అక్షరాలను, లోపల దాచింది. ఈ భాషకు ఆ లెక్క తిరగబడాలి.

గోర్‌బోలి_డిండి

పాలమూరు అన్న చెప్పిన లెక్క ముమ్మాటికీ నిజం. 'ఘోడో' అంటే గుర్రం. వత్తు తీస్తే అది గుర్రం కాదు. తెలుగులో వత్తులు ఎక్కువగా సంస్కృతం మాటలకే వస్తాయి కాబట్టి ఒకటి పోయినా చదివేవాడు సర్దుకుంటాడు. మా భాషలో ఇంట్లో రోజూ వాడే మాటలకే వత్తులున్నయ్. ముక్కుతో పలికే అచ్చులు కూడా ఉన్నయ్, వాటికి అరసున్న కావాలె. నిండు సున్న పెడితే తెలుగు చదివినోళ్లు దాన్ని 'మ్' అనో 'న్' అనో పలుకుతరు. అరసున్న తెలుగు బడిపుస్తకాల్లో ఎప్పుడో పోయింది. మాకు మాత్రం అది రోజువారీ అక్షరం, మొదటి తెర మీదనే ఉండాలె.

'యాడి', 'పాణీ' లాంటి మాటలకు చిక్కు లేదు. హల్లుతో ఆగే మాటలతోనే చిక్కు, వాటికి పొల్లు పెట్టక తప్పదు. గోరుబోలి అని ఉకారం తగిలించడం తెలుగు అలవాటు, మా నోట అది పలకదు.

అక్షరాల_పని

గోర్బోలి, గోర్‌బోలి తేడా ఎందుకు వస్తుందో చెప్తాను. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే ఫోను రెండింటినీ కలిపి కింద వత్తుగా దించేస్తుంది. కలవకుండా ఆపాలంటే మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి ఉండాలి. ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలకు వాడే అంతర్జాతీయ సంఖ్యల పట్టీ యూనికోడులో దాని సంఖ్య 200సి. చాలా కీబోర్డుల్లో అది బయటికి కనబడదు. కీమ్యాన్‌లో దానికి ఒక్క నియమం రాస్తే చాలు: పొల్లు కీ ఒకసారి నొక్కితే పొల్లు, వెంటనే రెండోసారి నొక్కితే పొల్లు తర్వాత 200సి. పిల్లలకు 'రెండుసార్లు కొడితే విడిపోతుంది' అంటే అర్థమవుతుంది.

అయితే ఈ కనబడని అక్షరం వెతుకులాటను చెడగొడుతుంది. రెండు స్పెల్లింగులూ కంప్యూటరుకు వేర్వేరు మాటలు. అందుకే పదాల పట్టీలో రెండు నిలువు వరసలు పెట్టండి. ఒకటి చూపించే స్పెల్లింగు, ఇంకొకటి 200సి తీసేసిన వెతికే స్పెల్లింగు. యాప్ వెతకాల్సింది రెండోదాంట్లో.

కంటికి ఒకేలా కనబడి లోపల వేరే ఉండేవి ఇంకా రెండు. తెలుగు అంకె సున్న ౦, అక్షరాల సున్న ం అచ్చు ఒకేలా ఉంటాయి. మొదటిది 0సి66, రెండోది 0సి02. పుస్తకాన్ని స్కాన్ చేసి అక్షరాలుగా మార్చినప్పుడు ఈ తారుమారు విపరీతంగా వస్తుంది. అక్షరం పక్కనే అంకె సున్న ఉన్న చోట్లన్నీ వెతికి మార్చాలి. ఇక ఐత్వం ఒకే గుర్తుగానూ ఉండొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అనే రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. పట్టీ మొత్తాన్ని ఒక్కసారి, ఇట్లాంటి ముక్కలను ఒకే గుర్తుగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మారిస్తే ఐత్వం గోల తీరుతుంది. అంకె సున్న గోల మాత్రం దానితో తీరదు, చేత్తో చూడాల్సిందే.

అక్షరం ఎంచుకునేముందు దాని వయసు చూడండి. ౘ, ౙ యూనికోడులోకి 2008లో వచ్చాయి, పాత ఫోన్లలోనూ కనబడతాయి. ఴ 2014లో వచ్చింది, చాలావాటిలో ఉంది. తెలుగు నుక్త (అక్షరం కింద పెట్టే చుక్క) 2021లో వచ్చింది. అంతకుముందు తయారై, తర్వాత అప్‌డేట్ అందని ఫోన్లో నుక్త పెడితే అక్షరం పక్కన చుక్కల సున్న వస్తుంది. మీ దగ్గర ఐదారేళ్ల ఫోన్లు ఉన్నాయన్నారు కదా సార్, నుక్త మీద ఆధారపడే స్పెల్లింగు పెట్టుకోవద్దు.

కొల్లాపూర్_చదువరి

ఒక సందేహం. తెలుగు లిపి ఎందుకు? మహారాష్ట్రలో ఇదే భాషను దేవనాగరిలో రాస్తున్నారు, కర్ణాటకలో కన్నడలో రాస్తున్నారు. మూడు రాష్ట్రాలు మూడు లిపులైతే భాష ముక్కలైపోదా? సొంత లిపి ఒకటి తయారుచేసుకుంటే మంచిది కదా. గోండుల గుంజాల లిపి యూనికోడులోకి వచ్చింది కదా.

అక్షరాల_పని

గుంజాల లిపి కొత్తగా తయారైంది కాదండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లో ఉన్న లిపి అది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు గారి బృందం వెలుగులోకి తెచ్చింది. యూనికోడులో 2018లో చేరింది. గోండీకే ఉన్న ఇంకో లిపి, మసరాం గోండీ, 2017లో చేరింది. రెండింటికీ గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో ఫాంట్లు ఉన్నాయి.

అన్నీ ఉన్నా ఫోన్లో పని సులువు కాలేదు. పాత ఫోన్లో ఆ ఫాంటు లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. ఆండ్రాయిడ్‌లో మామూలు మనిషి ఫాంటు ఎక్కించి అన్ని యాప్‌లలో చూడడం కుదరదు. యాప్ లోపల ఫాంటు కలిపితే ఆ యాప్ వరకే కనబడుతుంది, వాట్సాప్‌లోకి పంపితే మళ్లీ డబ్బాలే. పైగా ఈ లిపుల సంఖ్యలు యూనికోడు మొదటి అంతస్తు దాటి ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో పాత యూటీఎఫ్8 పద్ధతిలో పట్టిక పెడితే ఆ అక్షరాలు అసలే దాచుకోదు, నాలుగు బైట్లదైన ఎంబీ4 పద్ధతి పెట్టాలి. గుంజాలకు తన చరిత్ర ఉంది, దాని కోసం ఆ కష్టం పడడం న్యాయం. రాతప్రతి చరిత్ర లేని కొత్త లిపి మాత్రం యూనికోడులో చేరాలంటే వాడుకలో ఉన్నదని ముందు రుజువు కావాలి. అన్నేళ్లూ ఆ లిపి ఫోన్లో బొమ్మగా మాత్రమే ఉంటుంది, అక్షరంగా ఉండదు. ఈలోపు తండా పిల్లలు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో రాయడానికి స్థిరపడిపోతారు. నా మాట ఒకటే: తెలుగు చదవగలిగే పిల్లకు ఇవాళ గోర్‌బోలి చదవడం రావాలి.

మూడు లిపుల సమస్యకు మందు ఉంది. భాషకు అంతర్జాతీయ సంకేతం ఎల్‌ఎంఎన్. దాని పక్కన లిపి సంకేతం పెడితే ఎల్‌ఎంఎన్-తెలుగు, ఎల్‌ఎంఎన్-నాగరి, ఎల్‌ఎంఎన్-కన్నడ అని మూడూ ఒకే భాష కింద నమోదవుతాయి. అక్షరముఖ లాంటి ఉపకరణంతో ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చుకోవచ్చు. మార్చాక ఎ, ఒ హ్రస్వాలను మాత్రం తప్పకుండా చూసుకోవాలి. తెలుగు హ్రస్వ ఎ, ఒలకు నాగరిలో గుర్తులు ఉన్నాయి గానీ మరాఠీ, హిందీ చదివేవాళ్లకు అవి తెలియవు. కన్నడకు మారిస్తే ఆ గొడవ లేదు.

గోర్‌బోలి_డిండి

ఇంకో సంగతి కలపాలె. జనాభా లెక్కల్లో లంబాడీని హిందీ కింద కలిపి లెక్కబెడుతరు. 2011లో మా భాష చెప్పుకున్నోళ్లు 32 లక్షల పైనే, అయినా పైపట్టికలో పేరు రాదు. అంత మంది ఉన్నంక అంతరించిపోయే భాష ఎట్లయితదని అడుగుతరు. సంఖ్య ఒక్కటే చూస్తే కాదు. హైదరాబాద్‌లో, జిల్లా కేంద్రాల్లో పుట్టిన పిల్లలు అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడుతున్నరో చూస్తే తెలుస్తది. ఫోన్లో రాయలేని భాషను పిల్లలు ఊరికే వదిలేస్తరు.

ఎరుకలవాడ_మిర్యాలగూడ

ఎరుకల భాష సంగతి వేరు, జర ఓపికగా చదవండి. మాది తమిళానికి దగ్గరి భాష. జనాభా లెక్కల్లో తమిళం కింద కలుపుతరు. తెలుగు లిపిలో రాయడానికి పెద్ద అడ్డంకి లేదు, కీబోర్డు మాకు తొలి అవసరం కాదు.

మాకు అసలు ప్రశ్న ఎవరు వింటరు అనేది. నేరస్థ తెగల చట్టం 1952 దాకా మా మీద ఉండె. బయటివాళ్లకు అర్థం కాకుండా మనలో మనం మాట్లాడుకోవడం అనేది చాలా కుటుంబాలకు రక్షణగా ఉండె. ఇప్పుడు కూడా కొందరు పెద్దలు 'మన మాట ఊరందరికీ ఎందుకు' అని అడుగుతరు. ఆ ప్రశ్నకు గౌరవం ఇవ్వాలె. కాబట్టి ఎరుకల మాటలు రికార్డు చేసేవాళ్లు మొదట్నే రెండు పెట్టెలు పెట్టుకోవాలె: ఒకటి ఇంటివాళ్లకు, ఒకటి అందరికీ. ఏ మాట ఏ పెట్టెలోకి పోతదో చెప్పాల్సింది మాట్లాడినోళ్లే.

గొంతులు సేకరించే కామన్ వాయిస్ లాంటి చోట గొంతు ఇస్తే అది సీసీ0 అనే లైసెన్సు కింద పోతది. అంటే ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, లోకమంతా పాకిన తర్వాత వెనక్కి తీసుకునేది లేదు. అది మంచి పనే, కానీ సంతకం పెట్టించే ముందు ఈ ముక్క వాళ్ల భాషలో, నోటితో చెప్పి, 'సరే' అన్నది కూడా రికార్డు చేయాలె. కాగితం మీద వేలిముద్ర తీసుకుని ఊరుకుంటే అది ఒప్పుకోలు కాదు.

అమ్రాబాద్_నోట్స్

ఎరుకలవాడ అన్న చెప్పిన రెండు పెట్టెల పద్ధతి చెంచు పెంటలకు కూడా అవసరమే. మందు చెట్లు, తేనె తీసే జాగలు, దేవరల పాటలు అందరికీ తెరిచి పెట్టేవి కావు. చెట్టు పేరు బయటి పెట్టెలో ఉండొచ్చు, దానితో ఏం నయం చేస్తారనేది ఇంటి పెట్టెలో ఉండాలి.

చెంచుల మాట తెలుగుకు చాలా దగ్గర. మామూలు తెలుగు కీబోర్డుతో రాయొచ్చు. కరిగిపోతున్నది మాటల మూట: గడ్డలు, తేనెలు, తీగలు, జంతువుల అడుగులు, వాన లక్షణాలు. అందుకని అక్కడ చేయాల్సిన పని రికార్డింగు, పదకోశం. అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల్ లాంటి పెంటలు అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్నాయి. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. లోపల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా, నెట్ లేకుండానే అన్నీ నడిచేటట్టు సిద్ధమై పోవాలి.

రికార్డింగు సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే మళ్లీ తెచ్చుకోలేం.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేయొద్దు. అది గొంతును బాగా కుదించేస్తుంది. స, శ లాంటి సన్నని ధ్వనులు, వత్తుల్లోని ఊపిరి మసకబారతాయి. గొంతును కుదించకుండా వేవ్ ఫైలుగా దాచే రికార్డర్ యాప్ పెట్టుకుని 48,000 హెర్ట్జ్, 16 బిట్, మోనో ఎంచుకోండి. నిమిషానికి 5.76 ఎంబీ, గంటకు దాదాపు 346 ఎంబీ పడుతుంది. పొద్దంతా నాలుగు గంటలు చేస్తే 1.4 జీబీ. ఫోన్లో 3 జీబీ ఖాళీ ఉంచుకుని బయల్దేరాలి. యాప్‌లో నాయిస్ సప్రెషన్, ఆటోమేటిక్ గెయిన్ అనేవి ఉంటే రెండూ ఆపండి. మనిషి ఆగినప్పుడల్లా గెయిన్ పెరిగి వెనక కీచురాళ్ల చప్పుడు ముందుకొస్తుంది.

చొక్కాకు తగిలించే చిన్న మైకు వాడితే నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. సరిగ్గా నోటి ఎదుట ఉంటే ప, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి 'ఢబ్' మంటుంది. రేకుల ఇంటి కింద వాన పడుతుంటే ఆపేయాలి, దాన్ని తర్వాత తీసేయడం కుదరదు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

ఒక్కో మాట మూడుసార్లు చెప్పించండి. పట్టీ చదువుతున్నప్పుడు మొదటిసారి గొంతు లేస్తుంది, చివరిసారి దిగిపోతుంది. నడిమిది సహజంగా ఉంటుంది, కోశంలోకి అదే కోసుకోవాలి. ఆ తర్వాత ఆ మాటతో ఒక చిన్న వాక్యం చెప్పించాలి. మాట ఒక్కటే ఉంటే అర్థం గాలిలో వేలాడుతుంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. తెలుగు మాట చెప్పి 'దీన్ని మీరేమంటారు' అంటే తెలుగు మాటే తిరిగొస్తుంది, చెంచుల విషయంలో మరీ. గడ్డను చేతికిచ్చి, తీగ దగ్గర నిలబడి, పని చేస్తుండగా అడగాలి. విషయాల వారీగా పోవాలి: ఒకరోజు తేనె, ఒకరోజు వంట, ఒకరోజు చుట్టరికాలు. అక్షరక్రమంలో అడిగితే ఎవరికీ ఏదీ గుర్తుకు రాదు.

ఫైలు పేర్లలో తెలుగు అక్షరాలు వద్దు. జిప్ చేసి పాత విండోస్‌లో విప్పితే పేర్లు చెడిపోతాయి. పెంట సంకేతం, మనిషి సంకేతం, వరుస సంఖ్య, అంతే. మనుషుల అసలు పేర్లు వేరే నోటుబుక్కులో ఉండాలి. సాయంత్రం ఇంటికి రాగానే రెండు చోట్ల కాపీ పెట్టి, ఒకటి వినిచూసి, అప్పుడే ఫోన్లోంచి తీసేయండి.

తండాబడి_దేవరకొండ

చాలా ఉపయోగం అన్నా. ఇవన్నీ పిల్లల ఫోన్లోకి ఎట్ల పోవాలె? నెట్ ప్యాక్ అందరికీ ఉండదు. ఆ వేవ్ ఫైళ్లు అంత పెద్దగ ఉంటే ఎట్ల?

పాలమూరు_కోడు

వేవ్ దాచుకోవడానికి. పంచడానికి 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 చాలు. వెయ్యి మాటలు, ఒక్కొక్కటి రెండు సెకన్లు అనుకుంటే మొత్తం 16 ఎంబీ. మెమరీ కార్డులో ఓ మూల పడి ఉంటుంది.

పదకోశం యాప్ కోసం డిక్షనరీ యాప్ బిల్డర్ అని ఉంది, ఇదీ ఉచితమే. ఎక్సెల్ పట్టీ తీసుకుంటుంది: మాట, తెలుగు అర్థం, వాక్యం, ఆడియో ఫైలు పేరు, బొమ్మ ఫైలు పేరు. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా దాచాల్సి వస్తే 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అనేదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ పెడితే తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది, ఆ ఫైలు నుంచి తిరిగి రాదు. మూల ఎక్సెల్ ఫైలును ఎప్పుడూ పక్కన పెట్టుకోండి. పాఠాలకైతే ఇదే కుటుంబంలో రీడింగ్ యాప్ బిల్డర్ ఉంది. పాఠం చదువుతుంటే ఆ వాక్యం రంగు మారేటట్టు ఆడియోతో జత చేయొచ్చు. రాయను, చదవను రాని పెద్దలకు బొమ్మ నొక్కితే గొంతు వినిపించడం చాలు.

యాప్ తయారయ్యాక దాన్ని ఎక్కించే ఏపీకే ఫైలు క్విక్ షేర్ ద్వారా నెట్ లేకుండా ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పోతుంది. ప్లే స్టోర్ నుంచి రాని యాప్ కాబట్టి ఫోను హెచ్చరిక చూపిస్తుంది, 'ఈ మూలం నుంచి అనుమతించు' అని ఒప్పుకోవాలి. పిల్లలతో ఈ పని చేయించేటప్పుడు, ఇట్లా వచ్చిన ప్రతి ఏపీకే ఎక్కించొద్దని, ఇది మన బడిది కాబట్టి ఎక్కిస్తున్నామని చెప్పండి. పని అవగానే ఆ అనుమతి తిరిగి ఆపేయించండి.

ఇంకొక్కటి, బంగారం లాంటి సంగతి: యాప్ మొదటిసారి తయారుచేసినప్పుడు కీస్టోర్ అనే ఫైలు, దానికో పాస్‌వర్డు పుడతాయి. ఆ ఫైలు పోతే అదే యాప్‌కు కొత్త వర్షను ఎక్కదు. అందరూ పాతది తీసేసి కొత్తది పెట్టుకోవాలి. రెండు పెన్‌డ్రైవ్‌లలో, ఇద్దరు మనుషుల దగ్గర ఉంచండి.

కొల్లాపూర్_చదువరి

కథల కోసం స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు చూడండి. అక్కడి పిల్లల కథలు చాలావరకు సీసీ బై లైసెన్సులో ఉన్నాయి. రచయిత, బొమ్మలు గీసినవారి పేర్లు ఉంచి గోర్‌బోలిలోకి మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. బొమ్మలు కూడా సిద్ధంగా దొరుకుతాయి.

గోర్‌బోలి_డిండి

పాలమూరు అన్నా, కీబోర్డు ప్యాకేజీని ఫోన్లోకి ఎక్కించే వరుస కూడా రాయరాదే? గ్రూపులో పంపితే ఫైలు తెరుచుకోవడం లేదని అడిగేటోళ్లు మస్తు మంది.

పాలమూరు_కోడు

ముందు ప్లే స్టోర్ నుంచి కీమ్యాన్ యాప్ ఎక్కించాలి. అది లేకుండా ప్యాకేజీ ఫైలు నొక్కితే 'తెరిచే యాప్ లేదు' అంటుంది. వాట్సాప్‌లో ఫైలును డాక్యుమెంటుగా పంపండి. అవతలివాళ్లు వాట్సాప్‌లోనే నొక్కి కూర్చోకుండా, కీమ్యాన్ తెరిచి సెట్టింగ్స్ → ఇన్‌స్టాల్ కీబోర్డ్ ఆర్ డిక్షనరీ → ఇన్‌స్టాల్ ఫ్రమ్ లోకల్ ఫైల్ కాడికి పోవాలి. అక్కడ ఫైలు ఎంచుకోవాలి.

ఇంతవరకు చేస్తే కీబోర్డు కీమ్యాన్ యాప్ లోపలే పనిచేస్తుంది. వాట్సాప్‌లో రావాలంటే అదే సెట్టింగ్స్‌లో కీమ్యాన్‌ను ఫోను మొత్తానికి కీబోర్డుగా ఆన్ చేయాలి, ఆ తర్వాత డిఫాల్ట్‌గా పెట్టాలి. ఇవి రెండు వేర్వేరు మెట్లు, సగం మంది మొదటిదాంతో ఆగిపోతారు. ఆన్ చేసేటప్పుడు 'మీరు టైపు చేసేవన్నీ, పాస్‌వర్డులతో సహా, ఈ కీబోర్డు సేకరించవచ్చు' అని ఆండ్రాయిడ్ భయపెడుతుంది. బయటి నుంచి పెట్టే ప్రతి కీబోర్డుకూ అదే మాట వస్తుంది. దీన్ని ముందే చెప్పి ఉంచాలి, లేకుంటే ఇంటి పెద్దలు చూసి తీసేస్తారు.

సూచనలు కావాలంటే పదాల పట్టీతో డిక్షనరీ కూడా కట్టొచ్చు. ట్యాబ్‌తో విడదీసిన సాదా ఫైలు: మొదటి నిలువు వరసలో మాట, రెండో నిలువు వరసలో అది ఎన్నిసార్లు వచ్చిందనే సంఖ్య. సంఖ్య ఖాళీగా ఉన్నా నడుస్తుంది, ఉంటే తరచూ వాడే మాట ముందొస్తుంది. కీబోర్డు ప్యాకేజీలోనూ డిక్షనరీ ప్యాకేజీలోనూ భాష సంకేతం ఒక్కటే ఉండాలి. ఒకదాంట్లో ఎల్‌ఎంఎన్ అని, ఇంకొకదాంట్లో ఎల్‌ఎంఎన్-తెలుగు అని పెడితే రెండూ ఎక్కుతాయి గానీ సూచనలు రాకపోవచ్చు, తప్పు ఎక్కడుందో కూడా చెప్పదు. మార్చిన ప్రతిసారీ వర్షను సంఖ్య పెంచండి, ఏ తండాలో ఏది నడుస్తుందో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఎరుకలవాడ_మిర్యాలగూడ

ఫోను సెట్టింగ్స్‌లోనే మన భాష పేరు రావాలంటే?

అక్షరాల_పని

ఆండ్రాయిడ్ చూపించే భాషల పట్టీ సీఎల్‌డీఆర్ అనే సమాచార నిధి మీద ఆధారపడుతుంది. అక్కడ కనీస సమాచారం ఇవ్వాలి: భాషకు వాడే అక్షరాల జాబితా, లిపి, ఏకవచన బహువచన నియమాలు, వారాల పేర్లు, నెలల పేర్లు. ఇచ్చినా ఫోన్లలోకి రావడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి అది పక్కన నడవనివ్వండి. మీ సొంత యాప్‌లో మాత్రం భాష ఎంచుకునే బటన్ మీరే పెట్టుకోవాలి. ఫోను సెట్టింగ్ మీద వదిలేస్తే, పట్టీలో లేని భాషను ఎవరూ ఎంచుకోలేరు, మీరు చేసిన అనువాదం కనబడకుండా పడి ఉంటుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్‌కో భాష పెట్టే వీలుంది, పాత ఫోన్లలో యాప్ తయారీకి వాడే యాప్‌కంపాట్ లైబ్రరీ 1.6 దాన్నే అందిస్తుంది.

ఆ సమాచారం సమర్పించేటప్పుడు వారాల పేర్లు తెలుగువి కాపీ కొట్టొద్దు. తండాలో, వాడలో వాడే పేర్లు పెద్దలను అడిగి రాయండి. ఒకసారి అందులోకి పోయినది వేరే యాప్‌లన్నిటిలోకి పాకుతుంది.

తండాబడి_దేవరకొండ

అందరి మాటలు కలిపి వరుస పెట్టుకున్న. ముందు 300 మాటల పట్టీ, ఎక్సెల్‌లో, రెండు స్పెల్లింగు వరసలతో. నుక్త లేదు, అరసున్న ఉంది, పొల్లు రెండుసార్లు కొడితే విడిపోతది. ఆ పట్టీని డిండి అన్న, ఇంకో ఇద్దరు పెద్దలు చూసిన తర్వాతే కీబోర్డు గీయడం. ఎరుకల, చెంచు పట్టీలకు 'ఇంటిది / అందరిది' అనే వరస మొదటి రోజు నుంచే ఉంటది.

గోర్‌బోలి_డిండి

ఒక్క సవరణ సార్. ఆ ముగ్గురిలో ఒక్కరన్నా ముసలి ఆడమనిషి ఉండాలె. వంట, పురుడు, కుట్టుపని, పెండ్లిపాటల మాటలు మగవాళ్లకు సగం కూడా రావు. ఇంకో వరస కూడా చేర్చండి, ఏ తండా మాట అని. దేవరకొండ తండాకు, అచ్చంపేట తండాకు కొన్ని మాటల్లో తేడా ఉంటది. రెండూ రాయండి, ఒకటి తప్పని కొట్టేయొద్దు.

పాలమూరు_కోడు

తండా వరస మంచి మాట. యాప్ బిల్డర్‌లో దాన్ని వేరే ఫీల్డుగా పెట్టి, మాట కింద చిన్నక్షరాల్లో చూపించొచ్చు. పట్టీ తయారవగానే ఇక్కడ పెట్టండి సార్, టచ్ లేఅవుట్ గీసి మూడు పాత ఫోన్ల మీద పరీక్ష చేద్దాం: ఒకటి ఆండ్రాయిడ్ 8, ఒకటి 10, ఒకటి 13.